పది గుర్తుల పందెం

టైలరమ్మ ఆ పేటలో కొలవని మనిషి లేడు. యాభై రెండేళ్ళ పాటు అక్కడ పుట్టినవాళ్ళని, పెరిగినవాళ్ళని, లావెక్కినవాళ్ళని, లావెక్కలేదని బుకాయించినవాళ్ళని టేపుతో చుట్టి చుట్టి, చివరికి టేపు అక్కర్లేని స్థితికి చేరింది. మనిషి గుమ్మంలోకి రాగానే "నడుము ముప్పయ్యారు. మీరు ముప్పైనాలుగంటారు, నాకు తెలుసు" అనేసేది. అలాంటి మనిషిని డెబ్బై ఆరో ఏట ఎవరో వచ్చి కొలుస్తామనేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది.

మండడానికి కారణం ఉంది. రెండు నెలల కిందట ఆవిడ స్నానాల గదిలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, కట్టు విప్పారు, చెయ్యి మళ్ళీ సూదిలో దారం ఎక్కించేంత బాగైంది. బాగుపడనిది కూతురి భయం ఒక్కటే. కూతురు బడిలో లెక్కల టీచరు. "రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్పై ఎనిమిది మెట్లు, పైగా ఒక్కదానివి. నువ్వే కూడుకో అమ్మా," అంది. కూడితే వచ్చే జవాబేమిటో ఇద్దరికీ తెలుసు. ఊరికి ఆ చివర కూతురి ఇల్లు, అందులో ఓ గది, ఆదివారం సామాన్ల బండి.

గది మంచిదే. కూతురూ మంచిదే. అల్లుడైతే మరీను, అత్తగారు వస్తోందని గదికి కొత్త రంగు కూడా వేయించాడు. ఏ ఒక్కరి మీదా కోపం తెచ్చుకునే వీల్లేకపోవడమే టైలరమ్మ బాధ. ఆవిడకి తన ఇల్లే కావాలి. కిటికీ కింద కత్తిరింపు బల్ల కావాలి, కాలి కింద మిషను తొక్కుడు కావాలి, "చేతులు పొడుగయ్యాయి, కాస్త కురచ చేసిపెట్టండి" అంటూ తలుపు కొట్టేవాళ్ళు కావాలి. అన్నిటినీ మించి, సాయంత్రం నాలుగింటికి గేటు పక్క బెంచీ మీద టీ కావాలి. ఆ టీ కోసమే ఆవిడ పొద్దున్నే నిద్ర లేస్తుందంటే అబద్ధం కాదు.

బెంచీ మీద ముగ్గురు. పై అంతస్తు డ్రైవరుగారు, ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి, ఇప్పటికీ మెట్ల మలుపులో అలవాటుగా "జరగండి, జరగండి" అంటారు. భార్య పోయి తొమ్మిదేళ్ళు. కింద అంతస్తు నర్సమ్మ, ఆసుపత్రి నుంచి రిటైరై వచ్చి కూడా ఎవరు దగ్గినా నాలుక చూపించమనే మనిషి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మూడో మనిషి టైలరమ్మ.

ఇలా ఉండగా విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు దిగింది. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు, భుజానికి గోనెసంచిలాంటి సంచి. భవనంలో అందరూ ఆమెకి కొలతలమ్మాయి అని పేరు పెట్టేశారు. వయసు మళ్ళినవాళ్ళు ఉన్న ఇంట్లోనే ఉండాలంటే ఆ ఇల్లు ఎలా మారాలి అన్నది ఆమె పని. కింది హాల్లో ఎనిమిది ఇళ్ళవాళ్ళనీ కూచోబెట్టి చెప్పింది.

"మేం బల్ల దగ్గర కూచుని గీసి, తీసుకొచ్చి మీ నెత్తిన పెట్టేది కాదు ఇది. మీరు చెబితే గీస్తాం. చిక్కేంటంటే, అడిగితే అందరూ 'నాకేం, బానే ఉన్నా' అంటారు."

"బానే ఉన్నాంగా!" అన్నారు ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఒక్క గొంతుతో.

"చూశారా? అందుకే నోటిని అడగడం మానేశాను. చేతుల్ని అడుగుతాను."

అని సంచిలోంచి రంగు సుద్దపొడి పొట్లాలు తీసింది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులకి పొడి రాసుకుని, రోజూ తిరిగినట్టే తిరగాలి. చెయ్యి ఎక్కడెక్కడ ఆనితే అక్కడక్కడ గుర్తు పడుతుంది. సాయంత్రం ఆమె వచ్చి గుర్తులు చూసి, ఎక్కడ పిడి బిగించాలో, ఎక్కడ దీపం పెట్టాలో, ఎక్కడ గడప తీసెయ్యాలో రాసుకుంటుంది. సోమవారం నుంచి వడ్రంగి పని. టైలరమ్మకి పసుపు, డ్రైవరుగారికి నీలం, నర్సమ్మకి ఆకుపచ్చ వచ్చాయి. టైలరమ్మ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "మెత్తగా ఉంది. మంచి సరుకే," అని ఒప్పుకుంది. సుద్ద దగ్గర ఆవిడ ఎవరికీ మొహమాటపడదు.

అంతా బాగానే ఉండేది, కూతురు కూడా ఆ సభకి రాకపోయి ఉంటే.

"అంటే, అమ్మ ఎన్నిచోట్ల పట్టుకుంటే అన్నిచోట్ల పడిపోయే ప్రమాదం ఉన్నట్టేగా?" అంది కూతురు, లెక్క తేలిపోయినట్టు.

"అలా కాదండీ..." అని కొలతలమ్మాయి మొదలుపెట్టింది గానీ వినేవాళ్ళెవరు? తల్లీకూతుళ్ళు అప్పటికే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

"పందెం అమ్మా. పది గుర్తులు దాటితే ఆదివారం బండెక్కుతావు. పదిలోపే ఉంటే నేనిక జన్మలో నోరెత్తను."

"పదా? నాకు ఐదు చాలు," అంది టైలరమ్మ. అన్నాక నాలిక్కరుచుకుంది. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. అది పృథివి దాటక్కర్లేదు, హాలు దాటితే చాలు, ఇక వెనక్కి తీసుకోలేం.

సభ అయ్యాక ముగ్గురూ బెంచీ మీద కూలబడ్డారు.

"ఐదేంటి వదినా?" అంది నర్సమ్మ. "నువ్వు మంచం దిగేలోపే ఐదవుతాయి."

"తెలుసు."

"నేను స్టీరింగు పట్టుకోకుండా బస్సు నడుపుతానన్నట్టుంది మీ మాట," అన్నారు డ్రైవరుగారు.

"అదీ తెలుసు. ఉపాయం చెప్పండి, ఉపదేశం కాదు."

ఉపాయాలు వచ్చాయి. ఒకటి, మోచేతులకి పొడి ఉండదు, కాబట్టి ఎంతైనా ఆనుకోవచ్చు. రెండు, తడిగుడ్డ నడుముకి దోపుకుంటే ఎక్కడైనా గుర్తు పడ్డా తుడిచెయ్యొచ్చు. మూడు, నడుమూ పొట్టా కూడా దేవుడిచ్చిన అవయవాలే, వాటితో తలుపులు తొయ్యొచ్చు. స్నేహధర్మంగా తామిద్దరూ అలాగే చేస్తామని డ్రైవరుగారు, నర్సమ్మ మాటిచ్చారు. స్నేహధర్మం అనేది పైమాట. తమ పిల్లలకి తమ గుర్తుల సంఖ్య తెలియడం వాళ్ళకీ ఇష్టం లేదు. నర్సమ్మ ఈ ఉపాయం ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. సాయంత్రానికల్లా ఎనిమిది ఇళ్ళల్లోనూ తడిగుడ్డలు సిద్ధమయ్యాయి.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ అరచేతులకి పసుపు పొడి రాసుకుని, మంచం మీద కూచుని, యుద్ధానికి వెళ్ళేదానిలా ఊపిరి తీసుకుంది. రోజూ అయితే ఎడమచెయ్యి మంచంకోడు మీద, కుడిచెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి లేచేది. ఇవాళ చేతులు రెండూ గాల్లో పెట్టి ముందుకి ఊగింది. లేవలేదు. మళ్ళీ ఊగింది. మూడో ఊపుకి లేచింది, లేచిన ఊపులో కిటికీ దాకా వెళ్ళిపోయింది. ఎదురుగా వీధిలో పాలవాడు తలెత్తి చూసి, పిలుస్తోంది కాబోలనుకుని చెయ్యూపాడు. ఆవిడ కూడా ఊపింది. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా!

తరవాతంతా సర్కసే. వంటింటి తలుపు నడుముతో తోసింది. సింకుకి పొట్ట ఆనించి పళ్ళు తోముకుంది. పై అర అందుకోవడానికి బట్టలు కొలిచే గజంబద్దతో డబ్బాని గోకి గోకి కిందకి దింపింది. డబ్బా ఆవిడ ఒళ్ళో పడింది, మూత ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు. మోచేతులతో గోడలు ఆనుకుంటూ, కోడిపెట్ట రెక్కలు విదిల్చినట్టు గదిగదికీ తిరుగుతూ తనలో తనే పకపకా నవ్వింది. ఒంటరిగా ఉన్న ఇంట్లో అంత గట్టిగా నవ్వి చాన్నాళ్ళయింది. పదిన్నరకి లెక్క చూసుకుంటే ఒక్క గుర్తూ లేదు.

స్నానాల గది గుమ్మం దగ్గర మాత్రం నవ్వు ఆగింది. అక్కడ నేల జానెడు కిందకి ఉంటుంది. ఆవిడ పడింది అక్కడే. మోచెయ్యి ఆనించడానికి అక్కడ ఏమీ లేదు, ఒట్టి నున్నటి గోడ. ఒక కాలు కిందకి పెట్టింది. రెండో కాలు తీసేలోపు మొదటిది కాస్త కదిలింది. అంతే, చెయ్యి దానంతటదే ఎగిరి గోడని కరుచుకుంది, గోడ మీద బారెడు జారింది, జారి జారి చివరికి కుళాయి మెడ దొరికాక ఆగింది. ఆవిడ అలాగే నిలబడి గుండె నెమ్మదించేదాకా నూరు లెక్కపెట్టింది. తలెత్తి చూస్తే గోడ మీద పొడుగ్గా పసుపు చార.

తడిగుడ్డ తీసి తుడిచేసింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట. టైలరమ్మ కూడా అప్పుడు అంతే అనుకుంది.

నాలుగైంది. పైనుంచి "జరగండి, జరగండి" వినబడింది. ఎవరూ అడ్డం లేకపోయినా డ్రైవరుగారు అలాగే దిగుతారు. ఆ మెట్లకి కడ్డీ ఒకవైపే ఉంది, అదీ మూడుచోట్ల ఊగుతుంది. ఇవాళ ఊగని చోట కూడా ముట్టుకోకూడదు. గోడా ముట్టుకోకూడదు. ఆయన ముందు, వెనక నల్లశాలువా కప్పుకున్న టైలరమ్మ, మొదటి అంతస్తులో నర్సమ్మ వచ్చి చేరింది. ఎప్పటిలాగే రైలుపెట్టెల్లా దిగారు. రోజూ చేసే పని కాబట్టి ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎవరూ చూసుకోలేదు.

టీ తాగుతూ ముగ్గురూ ఎవరి వీరగాథ వాళ్ళు చెప్పుకున్నారు. డ్రైవరుగారు తలుపు గడియని పళ్ళతో తీశారట. నర్సమ్మ స్నానం మానేసిందట. నవ్వీ నవ్వీ నర్సమ్మకి ఎక్కిళ్ళు పట్టుకుంటే, డ్రైవరుగారు వీపు చరిచారు, టైలరమ్మ మంచినీళ్ళు పట్టింది. తిరిగి పైకి ఎక్కేటప్పుడు ఆయన వెనక నిలబడ్డారు. ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు, ఇది ఆయన పెట్టుకున్న రూలు. ఎటు పడ్డా తన మీదే పడాలని.

ఆరింటికి కొలతలమ్మాయి, కూతురు కలిసి వచ్చారు. కూతురు బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తల్లి కుట్టిన ముదురు నీలం కోటు ఇంకా విప్పలేదు. ఇద్దరూ టార్చి వేసి గోడలు, తలుపులు, బల్లలు అన్నీ వెతికారు. టైలరమ్మ నల్లశాలువా భుజాల నిండా కప్పుకుని, కుర్చీలో పెళ్ళిపెద్దలా కూచుంది.

"దీపం స్విచ్చి దగ్గర ఒకటి. కెటిలు పిడికి ఒకటి. ఈ కుర్చీ చేతికి ఒకటి," అంది కొలతలమ్మాయి. "మూడు."

"మూడా?" అంది కూతురు.

"మూడు," అంది టైలరమ్మ. "కావాలంటే మళ్ళీ కూడుకో. లెక్కల టీచరువేగా."

కూతురు బల్ల అంచుకి ఆనుకుని నిలబడిపోయింది. మాటంటే మాటే, ఆ విషయంలో అచ్చం తల్లి పోలికే. "సరే. పందెం నువ్వే గెలిచావమ్మా. బండి వద్దని చెప్పేస్తాను."

టైలరమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది, మూడు ఊపులు అవసరమవుతాయని ఊరుకుంది. అంతలో కొలతలమ్మాయి పుస్తకం మూసేసింది.

"అయితే అమ్మమ్మగారూ, ఈ ఇంటికి ఏమీ అక్కర్లేదని రాసుకుంటాను. పిడులూ, అవీ."

"ఏమీ?"

"చెయ్యి ఆననిచోట పిడి ఎందుకండీ?"

అప్పుడు ఆవిడకి రేపటి పొద్దున గుర్తొచ్చింది. ఎల్లుండి పొద్దున కూడా గుర్తొచ్చింది. జానెడు లోతు, ఒట్టి నున్నటి గోడ. కక్కలేకా మింగలేకా కూచుంది.

సరిగ్గా ఆ సమయానికి గుమ్మంలో డ్రైవరుగారు, ఆయన వెనక నర్సమ్మ ప్రత్యక్షమయ్యారు. "మావి చూశారా? నావి రెండే!" అన్నారు ఆయన, పరీక్ష పాసైన కుర్రాడిలా.

"చూశానండీ," అంది కొలతలమ్మాయి. "ఎనిమిది ఇళ్ళల్లోనూ కలిపి పందొమ్మిది. ఇంత దృఢంగా ఉన్న పెద్దవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. నాకెందుకో ఎవరో ఏదో దాచినట్టనిపిస్తోంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. డ్రైవరుగారు ఆ సామెతని అక్షరాలా చేసి చూపించారు. ఆయన రెండు చేతులూ వాటంతటవే లేచి రెండు భుజాలనీ తడిమాయి. అందరి కళ్ళూ అటే తిరిగాయి. ఆయన తెల్లచొక్కా కుడిభుజం మీద పసుపురంగు చెయ్యి, ఐదు వేళ్ళతో సహా, ముద్ర కొట్టినట్టు ఉంది.

"ఓసారి వెనక్కి తిరగండి," అంది కొలతలమ్మాయి, గొంతు మారిపోయి.

తిరిగారు. వీపంతా పసుపు చేతులే. ఒకటి మీద ఒకటి, మెట్టుకొకటి చొప్పున.

నర్సమ్మ ఇక ఆగలేకపోయింది. "అన్నయ్యా, వసంతమాడొచ్చినట్టున్నావు! వదినా, ఏదీ లేచి ఆ శాలువా ఇటు తిప్పు, నీదీ చూద్దాం!"

"శాలువా జోలికి రాకు."

కానీ కూతురు అప్పటికే తల్లిని కుర్చీలోంచి లేపి వెనక్కి తిప్పింది. నల్లశాలువా మోచేతుల దగ్గర ఆకుపచ్చ వేళ్ళు నాలుగు జతలు. నడిమధ్యన, వెన్నుపూస మీద, వెడల్పాటి నీలం అరచెయ్యి ఒక్కటి. ఎక్కేటప్పుడు వెనక నిలబడ్డ చెయ్యి. డ్రైవరుగారి చెవులు ఎర్రబడ్డాయి. కూతురి కనుబొమలు జుట్టు దాకా వెళ్ళాయి.

"మెట్లు, మెట్ల దగ్గర," అన్నారు ఆయన. "ట్రాఫిక్కు."

ఆ మాటకి ముందు నర్సమ్మ, తరవాత కొలతలమ్మాయి, చివరికి కూతురు కూడా నవ్వారు. కొలతలమ్మాయి నవ్వుతూనే కెమెరా తీసి, చొక్కానీ శాలువానీ నర్సమ్మ చేతులనీ ఫొటోలు తీసుకుంటూ గది చుట్టూ గెంతింది. "ఇన్నిచోట్ల చేశాను, మనుషుల మీద గుర్తులు వెతకాలని ఒక్కసారి కూడా తట్టలేదు! మీరు కడ్డీని పట్టుకోవట్లేదు. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటున్నారు!"

"పందెం ఇంటి గోడల మీద," అంది టైలరమ్మ గబగబా. "చొక్కాలు లెక్కలోకి రావు."

"రావు," అంది కూతురు. "చెప్పాగా, నువ్వే గెలిచావు."

ఓడిపోయి ఉంటే ఆవిడ ఇంకా పోట్లాడేది. గెలిచావన్నాక పోట్లాడేందుకేం మిగల్లేదు. ఆవిడ చూపు కత్తిరింపు బల్ల మీదకి పోయింది. యాభై రెండేళ్ళు ఆ బల్ల ముందు ఆవిడ ఎంతమందిని తిట్టిందో లెక్కలేదు. టేపు పెట్టగానే పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళని. 'ఊపిరి వదలండి మహాప్రభో, నన్ను మోసం చేస్తే నాకేం నష్టం, రేపు గుండీలు పట్టనిది మీకే' అని. వాళ్ళని తలుచుకుని ఎన్ని సాయంత్రాలు నవ్వుకుందో! ఇవాళ పొద్దున్నుంచీ తను చేసింది అదే. ఆవిడకి సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక సిగ్గుపడటం కూడా ఓ రకంగా హుషారుగానే అనిపించింది.

"కొలతలమ్మాయీ, పుస్తకం తెరువు," అంది. "నేను పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చాను. మళ్ళీ తీసుకో."

"వదినా!" అంది నర్సమ్మ, నెత్తి కొట్టుకుని. "గెలిచావే!"

"గెలిచాను. గెలిచినదాన్ని రేపు స్నానానికెళ్ళి మళ్ళీ పడితే నువ్వే కదా కట్టు కట్టేది." ఆవిడ పొట్లం విప్పి చేతులకి నిండా పొడి రాసుకుంది. "అందరూ పక్కకి జరగండి. ఇప్పుడు నేను తిరిగేది నా తిరుగుడు. అమ్మాయ్, నువ్వు లెక్కపెట్టు. పది దాటాక కూడా ఆపకు."

మంచం మీద కూచుని మొదలుపెట్టింది. మంచంకోడు, కుర్చీవీపు. "ఒకటి, రెండు," అంది కూతురు. మిషను అంచు, తలుపు చట్రం, బీరువా మూల. వంటింట్లోకి వెళ్ళడానికి రెండు గుర్తులు, బయటికి రావడానికి మూడు. పదకొండు దగ్గర కూతురు తల్లి మొహంలోకి చూసింది, లెక్క మాత్రం ఆపలేదు. టైలరమ్మ దేన్నీ వదల్లేదు. ఒక్కొక్క గుర్తూ పడుతుంటే ఇల్లు తన చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఆవిడకి తెలుస్తూనే ఉంది. అయినా ఒళ్ళు తేలికగా ఉంది. రోజంతా బిగబట్టిన ఊపిరి వదిలితే అంతేనేమో.

చివరికి స్నానాల గది గుమ్మం. "ఇక్కడే," అంది. కాలు కిందకి పెట్టింది. కుడిచెయ్యి నున్నటి గోడ మీద ఎప్పటిలాగే జారింది, పొడుగ్గా పసుపు చార గీస్తూ. పక్కనే నిలబడ్డ కూతురు గబుక్కున ముందుకొచ్చింది. చెయ్యి కుళాయిని అందుకుంది. ఆగింది.

"నలభై మూడు," అంది కూతురు. జానతో ఆ చార పొడుగు కొలిచి చూసింది. "రోజూ ఇంతేనా అమ్మా?"

"రోజూ ఇంతే."

"పొద్దున కూడా ఇలాగే జారిందా?"

"జారింది. తుడిచేశాను."

అక్కడ పిడి ఎంత ఎత్తులో ఉండాలో, ఆ జానెడు లోతు ఎలా పూడ్చాలో కొలతలమ్మాయి రాసుకుంది. లేచి వెళ్తూ, "అమ్మమ్మగారు ఉంటారంటేనే సోమవారం వడ్రంగి వస్తాడండీ. ఖాళీ ఇంటికి చెయ్యం. రేపటికి చెప్పండి," అంది. కూతురు తలూపింది. గుమ్మం దగ్గర తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, "రేపు మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయింది. రేపు శుక్రవారం. ఎల్లుండి కాక ఆవలెల్లుండి బండి.

శుక్రవారం టైలరమ్మ మిషను దగ్గర కూచుని ఒకే కుట్టు మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పింది. రెండు డబ్బాల్లో గుండీలు రంగుల ప్రకారం సర్దింది. సర్దడం ఉండటానికో వెళ్ళడానికో ఆవిడకే తెలీలేదు. నాలుగింటికి ఎప్పటిలాగే రైలు కదిలింది. సుద్దపొడి లేకపోయినా డ్రైవరుగారు ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి టైలరమ్మ ఒక్క క్షణం ఆగింది. నిన్నటిదాకా లేని ఆలోచన ఇవాళెందుకొచ్చిందో మరి.

"వెయ్యండి, ఫరవాలేదు," అన్నారు ఆయన, వెనక్కి తిరక్కుండానే. "బస్సు ఖాళీగానే ఉంది."

నర్సమ్మ కింద నుంచి దగ్గింది. అది జబ్బు దగ్గు కాదు.

టీ సగం అయ్యేసరికి గేటు కిర్రుమంది. కూతురు. బడి సంచి ఇంకా చేతిలోనే ఉంది. నేరుగా బెంచీ ముందుకొచ్చి, గుండ్రంగా తిరిగి, వాళ్ళకి వీపు చూపిస్తూ నిలబడింది.

ముదురు నీలం కోటు, టైలరమ్మ తన చేత్తో కుట్టిన కోటు. కుడిభుజం వెనక పసుపు చెయ్యి. నాలుగు వేళ్ళు వీపు మీదకి, బొటనవేలు భుజం మీద, గట్టిగా పట్టుకున్న చెయ్యి. టైలరమ్మకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. నిన్న గుమ్మం దగ్గర కుడిచెయ్యి గోడ మీద జారుతుంటే అందరూ దాన్నే చూశారు. ఎడమచెయ్యి ఏం పట్టుకుందో ఎవరూ చూడలేదు, పట్టుకున్న ఆవిడతో సహా.

"పొద్దున్నుంచి ఐదు క్లాసులు చెప్పాను," అంది కూతురు, ఇంకా అటు తిరిగే. "బోర్డు వైపు తిరిగినప్పుడల్లా వెనక కిసకిసలు. ఒక్క వెధవ కూడా చెప్పలేదు. ఆఖరికి డ్రిల్లు మాస్టారు చెప్పారు."

"దులుపుకోలేకపోయావా?"

"ఎలా దులుపుకుంటాను? ఇది లెక్కలో పడలేదుగా." ఇప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వు ఆపుకోలేక వంకరపోతోంది. "మా ఇంట్లో గోడలకి కొత్త రంగేయించాం అమ్మా. పిడులు కూడా పెట్టిస్తాం. కానీ నాలుగింటికి నేను బడిలో ఉంటాను, ఆయన ఆఫీసులో ఉంటారు. నువ్వు గడప దాటాలంటే ఎవరి భుజం పట్టుకుంటావు? రాత్రంతా ఈ లెక్కే చేశాను. ఎటు నుంచి చేసినా తేలలేదు."

సంచిలోంచి ఫోను తీసి నంబరు నొక్కింది. ఫోను అటు పక్క కొలతలమ్మాయి గొంతు సన్నగా వినబడింది.

"నిన్నటి లెక్క తప్పండీ," అంది లెక్కల టీచరు. "నలభై మూడు కాదు, నలభై నాలుగు. అవును, ఒకటి మిగిలిపోయింది. లేదు, దానికి వడ్రంగి అక్కర్లేదు, అది ఇక మీదట ప్రతి మంగళవారం, శుక్రవారం తనే నడిచొస్తుంది. మిగతా నలభై మూడింటికీ పంపించండి. సోమవారం. మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది."

నర్సమ్మ చప్పట్లు కొట్టబోయి టీ ఒలకబోసుకుంది. డ్రైవరుగారు ఇంజను మొదలైనట్టు గొంతు సవరించుకుని, ఎందుకో లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూచున్నారు. టైలరమ్మ మాత్రం కూతురి కోటు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఆ గుర్తు మీద తన ఎడమ అరచెయ్యి ఆనించి చూసింది. వేలుకి వేలు సరిపోయింది.

"కొలత బాగా కుదిరిందే," అని, దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

తరవాత నలుగురూ మెట్లెక్కారు. డ్రైవరుగారు రూలు ప్రకారం అందరికన్నా వెనక నిలబడి "జరగండి, జరగండి" అన్నారు.